రాయడం వచ్చు, పని ఎలా దొరుకుతుంది?: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఆన్‌లైన్‌లో రాతపని వెతుక్కోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, ఈ సంచికలో జవాబులిస్తున్నాం. డబ్బు, షరతుల గురించిన ప్రశ్నలకు ఎక్కువ చోటు ఇచ్చాం. కొత్తవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే.

ప్రశ్న: నేను కథలు రాస్తాను, కొన్ని అచ్చయ్యాయి కూడా. ఆన్‌లైన్‌లో రాసి సంపాదిస్తున్నామనేవాళ్లు అసలు రాసేదేమిటి? కథలు రాసేవాళ్లకు అక్కడ చోటుందా?

జవాబు: కథలకు డబ్బిచ్చే చోట్లు ఉన్నాయి గానీ, నెలనెలా ఆధారపడదగ్గ రాబడి అక్కడ అరుదు. ఆన్‌లైన్‌లో డబ్బిచ్చి రాయించుకునేది ప్రధానంగా వ్యాపార సంస్థలు. వాటికి వెబ్‌సైట్ పేజీలు కావాలి, బ్లాగ్ వ్యాసాలు కావాలి, వస్తువుల వివరణలు, చందాదారులకు పంపే న్యూస్‌లెటర్లు, వీడియో స్క్రిప్టులు, సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే సహాయ పేజీలు కావాలి. పేరు ఒకరిది, రాత మరొకరిది అయిన ఘోస్ట్ రైటింగ్ కూడా పెద్ద భాగమే.

వీటిలో వస్తువుల వివరణలు, పొట్టి బ్లాగ్ వ్యాసాలు తొందరగా దొరికేవి. కానీ రేటు అన్నిటికన్నా తక్కువ, పైగా కృత్రిమ మేధ సాధనాలు ముందుగా ఆక్రమించుకున్నవీ అవే. మనిషితో మాట్లాడి రాబట్టాల్సిన రాతకు పోటీ తక్కువ. కేస్ స్టడీ అందుకు మంచి ఉదాహరణ. కంపెనీ వస్తువు కొన్న వినియోగదారుణ్ణి అరగంట ఇంటర్వ్యూ చేసి, అతనికి ముందున్న ఇబ్బంది ఏమిటి, ఏం మారింది, ఎంత ఆదా అయింది అని 800 నుంచి 1200 మాటల్లో రాయాలి. కథ అల్లడం వచ్చినవాళ్లకు ఇది చేతికి అలవాటైన పనే. వీడియో స్క్రిప్టులు కూడా అంతే.

ఏ రంగం ఎంచుకోవాలన్నది రాత బయట మీకేం తెలుసో దాన్ని బట్టి ఉంటుంది. ఆస్పత్రిలో పనిచేసినవాళ్లు, లెక్కలు చూసినవాళ్లు, పాఠం చెప్పినవాళ్లు, యంత్రాలు బాగుచేసినవాళ్లు తమకు తెలిసిన రంగంతో మొదలుపెడితే సగం పరిశోధన ముందే అయిపోయినట్టు. రాత రకం, రంగం రెండూ కలిపి ఒక్క వాక్యంలో చెప్పగలగాలి: ‘అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలకు సహాయ పేజీలు రాస్తాను’ అన్నట్టు. ‘ఏ విషయమైనా రాస్తాను’ అని ప్రొఫైల్‌లో పెట్టుకుంటే ఎవరికీ గుర్తుండరు. చూసేవాడికి కావలసింది రచయిత కాదు, తన ఇబ్బంది తీర్చే మనిషి.

ప్రశ్న: ఎక్కడ అడిగినా శాంపిల్స్ చూపించమంటున్నారు. పని దొరికితే కదా శాంపిల్స్ ఉండేది?

జవాబు: శాంపిల్ అంటే అచ్చయిందో, ఎవరో డబ్బిచ్చిందో కానక్కర్లేదు. ఇలాంటి పని ఇస్తే ఇలా చేస్తాను అని చూపించే రాత చాలు. మూడు సరిపోతాయి. మూడూ ఒకే రంగంలో ఉండాలి, రకాలు మాత్రం వేరువేరు ఉంటే మేలు. ఒకటి 1000 మాటల వ్యాసం, ఒకటి వెబ్‌సైట్ పేజీ, ఒకటి న్యూస్‌లెటర్. వాటి మీద ‘సొంతంగా రాసిన నమూనా’ అని స్పష్టంగా వేయండి. ఉన్న కంపెనీ పేరు, లోగో పెట్టి వాళ్లకు రాసినట్టు చూపించడం మోసం. బయటపడడానికి ఒక్క ఈమెయిల్ చాలు.

వ్యాసం శాంపిల్ అయితే దానికి శీర్షిక, ఉపశీర్షికలు, వాస్తవాలకు మూలాల లింకులు, సెర్చ్ ఫలితాల్లో కనిపించే చిన్న వివరణ కూడా రాసిపెట్టండి. సెర్చ్‌లో శీర్షిక సుమారు 60 అక్షరాలు, వివరణ సుమారు 155 అక్షరాలు దాటితే చివర తెగిపోతుంది. ఆ కొలతలో రాసి ఉంటే, రాయించుకునేవాడికి ఈ మనిషికి పని తెలుసని వేరే చెప్పక్కర్లేదు.

ఎక్కడ పెట్టాలి? సొంత వెబ్‌సైట్ లేకపోయినా ఫర్వాలేదు. మీడియం, లింక్డ్‌ఇన్, ఉచిత వర్డ్‌ప్రెస్ పేజీ, ఏదైనా సరే. గూగుల్ డాక్స్ లింకు ఇస్తే మాత్రం ‘లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు’ అన్న సెట్టింగు పెట్టారో లేదో, లాగిన్ కాని బ్రౌజర్ విండోలో తెరిచి చూసుకోండి. తెరవగానే ‘అనుమతి కోరండి’ అని వస్తే ఎవరూ కోరరు, మరొకరి ప్రపోజల్‌కు (పని అడుగుతూ పంపే దరఖాస్తుకు) వెళ్లిపోతారు. ‘ఎవరైనా మార్చవచ్చు’ అని పెట్టడం ఇంకా ప్రమాదం.

ఇతరుల వెబ్‌సైట్‌లో మీ వ్యాసం వస్తే ఆ రోజే దాన్ని పీడీఎఫ్‌గా దాచుకోండి, ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో కూడా భద్రపరచండి. వెబ్‌సైట్లు మూతపడతాయి, కొత్త యజమాని వచ్చి పాత పేజీలు తీసేస్తాడు. రెండేళ్ల తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు.

ప్రశ్న: రాతపని ఇచ్చేవాళ్లనూ చేసేవాళ్లనూ కలిపే అప్‌వర్క్ అనే వేదికలో చేరి రెండు నెలలైంది. రోజూ ప్రపోజల్స్ పంపుతున్నాను. కనెక్ట్స్ (ప్రపోజల్ పంపడానికి అక్కడ వాడే టోకెన్లు) అయిపోతున్నాయి, ఒక్క జవాబూ లేదు. ఎక్కడ తప్పు జరుగుతోంది?

జవాబు: ఎవరికి పంపుతున్నారన్నది ఒకటి, మొదటి రెండు పంక్తుల్లో ఏం రాస్తున్నారన్నది రెండు. సాధారణంగా ఈ రెండింటిలోనే ఉంటుంది తప్పు.

ముందు ఎవరికి అన్నది. అక్కడ ప్రతి ప్రపోజల్‌కూ కనెక్ట్స్ ఖర్చవుతాయి, అయిపోతే డబ్బు పెట్టి కొనాల్సినవి. అంచేత ప్రకటన కింద ఉండే క్లయింట్ వివరాలు చదవకుండా పంపకూడదు. చెల్లింపు పద్ధతి ధ్రువీకరించబడిందా? ఇంతవరకు ఎంత ఖర్చుపెట్టాడు? ప్రకటించిన పనుల్లో ఎంత శాతానికి మనిషిని తీసుకున్నాడు? పది ప్రకటనలు వేసి ఇద్దర్నే తీసుకున్నవాడైతే మీ ప్రపోజల్ గాలికి పోయే అవకాశమే ఎక్కువ. ఇప్పటికే ఎన్ని ప్రపోజల్స్ వచ్చాయో, ఎంతమందితో మాట్లాడుతున్నాడో, ఆఖరిసారి ప్రకటన ఎప్పుడు చూశాడో కూడా అక్కడే ఉంటుంది. 50 దాటి, నలుగురితో మాటలు నడుస్తుంటే వదిలేయండి. ప్రకటన పడిన మొదటి గంటల్లో, ప్రపోజల్స్ తక్కువగా ఉన్నప్పుడు పంపినవి చదవబడతాయి. కిందికి వెళ్తే పాత ఒప్పందాలు, వాటికి రచయితలు ఇచ్చిన అభిప్రాయాలు కనిపిస్తాయి. ‘పని పెరిగిపోయింది, డబ్బు మాత్రం అంతే’ లాంటి మాటలు ఉంటే అక్కడే తెలిసిపోతుంది. కొందరు క్లయింట్లు పాత రచయితల పేర్లతో పలకరించి అభిప్రాయం రాస్తారు. ఒకే పేరు ఐదారుసార్లు కనిపిస్తే మనిషిని నిలబెట్టుకునే క్లయింట్ అన్నమాట.

ఇక ఏం రాయాలన్నది. క్లయింట్‌కు ప్రపోజల్స్ వరసగా కనిపించేటప్పుడు ఒక్కోదానికీ మొదటి రెండు పంక్తులే కనిపిస్తాయి. అక్కడ ‘నమస్కారం, నా పేరు ఫలానా, నేను అంకితభావం ఉన్న రచయితను’ అని ఉంటే, మిగతా నలభైమందీ రాసిందీ అదే. ఆ రెండు పంక్తులూ అతని పని గురించి ఉండాలి. పిల్లల సైకిళ్లు అమ్మే కంపెనీ బ్లాగ్ రచయిత కోసం చూస్తోందనుకుందాం:

‘మీ బ్లాగ్‌లో సైకిల్ కొలతల వ్యాసం చదివాను. పిల్లవాడి వయసు ప్రకారం కొలత చెప్పారు గానీ, తల్లిదండ్రులు తరచూ అడిగేది కాలి పొడవును ఎలా కొలవాలని. దాని మీద బొమ్మలతో 900 మాటల వ్యాసం రాయవచ్చు. ఇలాంటిదే నేను రాసిన కొలతల గైడ్ జతచేశాను. మొదటి వ్యాసం నాలుగు రోజుల్లో ఇవ్వగలను. ఒక ప్రశ్న: బొమ్మలు మీ దగ్గర ఉన్నాయా, నేను వెతకాలా?’

ఇంతే. ఎంత పెరిగినా 150 మాటలు దాటకూడదు. ఒక గమనింపు, ఒక ఆలోచన, సరిపోయే ఒక్క శాంపిల్, గడువు, చివర సులువుగా జవాబివ్వదగ్గ ఒక ప్రశ్న. చదువు, వయసు, రాత మీద ప్రేమ ఎప్పటినుంచి ఉందన్నది ఇక్కడ అక్కర్లేదు. ప్రకటన మధ్యలో ‘పూర్తిగా చదివినవారు మొదట ఫలానా మాట రాయండి’ అని కొందరు దాచిపెడతారు. అది చూడకపోతే ప్రపోజల్ ఎంత బాగున్నా తీసి పక్కన పెట్టేస్తారు. ఒప్పందం మొదలవక ముందే ఫోన్ నంబరు, ఈమెయిల్ ఇచ్చిపుచ్చుకోవడం అక్కడ నిబంధనలకు విరుద్ధం. ప్రపోజల్‌లో పెట్టకండి, ఖాతా పోవచ్చు.

ఇలా రాస్తే ఒక్కోదానికి అరగంట పడుతుంది, రోజుకు మూడు మించి పంపలేరు. అదే కావలసింది. 20 పంపాక లెక్క చూసుకోండి. ఎవరూ తెరవకపోతే ప్రకటనల ఎంపిక, మొదటి పంక్తులు మార్చాలి. తెరిచి మాట్లాడకపోతే శాంపిల్స్ మార్చాలి. మాట్లాడి వెనక్కి తగ్గుతుంటే రేటో, గడువో, మీరు జవాబిచ్చే వేగమో చూసుకోవాలి.

ఫైవర్ అనే మరో వేదికలో పద్ధతి తిరగబడి ఉంటుంది. అక్కడ మీరు దుకాణం తెరుస్తారు, కొనేవాడు వెతుక్కుంటూ వస్తాడు. ప్రపోజల్స్ రాసే బాధ ఉండదు గానీ, మొదటి కొన్ని ఆర్డర్లు వచ్చేదాకా ఎవరికీ కనిపించరు. ‘వ్యాసాలు రాస్తాను’ అన్న గిగ్ (అక్కడ అమ్మకానికి పెట్టే పని) వేల గిగ్గుల్లో ములిగిపోతుంది. ‘యోగా స్టూడియోకు పరిచయ పేజీ, 500 మాటలు, ఒక రివిజన్’ అన్నంత ఇరుకుగా పెడితే వెతికేవాడికి దొరుకుతారు.

ప్రశ్న: రేటు ఎంత చెప్పాలో తెలియడం లేదు. ఎక్కువ చెబితే పోతారేమో, తక్కువ చెబితే నష్టపోతానేమో. మాటకింత అనాలా, గంటకింత అనాలా?

జవాబు: బేరానికి ముందు మీ గంట విలువ మీకు తెలియాలి. ఏడాదికి 52 వారాలు. జబ్బులు, సెలవులు, పనిలేని రోజులకు ఆరు వారాలు తీసేస్తే 46. వారానికి 40 గంటలు కూర్చున్నా, అందులో డబ్బు వచ్చే రాత సగమే. మిగతాది ప్రపోజల్స్‌కు, ఈమెయిళ్లకు, వసూళ్లకు పోతుంది. అంటే ఏడాదికి 920 గంటలు. మీకు ఏడాదికి కావలసిన రాబడికి పన్ను, ఇంటర్నెట్, కంప్యూటర్ ఖర్చు కలిపి 920తో భాగించండి. అది మీ కనీస గంట రేటు. ఉద్యోగంలో నెల జీతాన్ని పనిగంటలతో భాగించి అదే అడగడం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు.

తర్వాత వ్యాసానికి ఎన్ని గంటలో లెక్కవేయాలి. వెయ్యి మాటల వ్యాసానికి బ్రీఫ్ (ఏం కావాలో క్లయింట్ రాసిచ్చే సూచనలు) చదివి సందేహాలు అడగడానికి అరగంట, పరిశోధన రెండు గంటలు, చట్రం వేయడానికి అరగంట, రాయడానికి రెండు గంటలు, దిద్దుకోవడానికి గంట, లింకులు, బొమ్మలు, అమరికకు అరగంట, క్లయింట్ అడిగిన మార్పులకు గంట. మొత్తం ఏడున్నర. చాలామంది రాసిన రెండు గంటలే లెక్కపెట్టుకుంటారు. మొదటి పది పనులకైనా గడియారం పెట్టుకుని గంటలు రాసుకోండి, మీ అంకె మీకు తెలుస్తుంది.

కమిషన్ దగ్గర ఇంకో పొరపాటు. ఫైవర్ అమ్మేవాడి రాబడిలో 20 శాతం తీసుకుంటుంది. అప్‌వర్క్‌లో ఒప్పందాన్ని బట్టి మారుతుంది, ఎంతో ముందే చూపిస్తుంది. చేతికి 100 రావాలంటే 20 శాతం కలిపి 120 చెబితే సరిపోదు, అందులో 24 పోయి 96 వస్తుంది. 100ను 0.8తో భాగించి 125 చెప్పాలి. డబ్బు బ్యాంకుకు మార్చుకునేటప్పుడు పోయే రుసుము, మారకపు తేడా వేరే.

మాటకింత అంటే క్లయింట్‌కు అర్థం చేసుకోవడం సులువు. కానీ 1500 మాటల్ని 900కు చిక్కగా దిద్దితే మీకే నష్టం, ఇది తలకిందుల లెక్క. గంటకింత అంటే మీరు వేగం పెంచుకున్నకొద్దీ రాబడి తగ్గుతుంది. వ్యాసానికింత అని, అందులో ఏమేం ఉన్నాయో రాసి చెప్పడమే మా దృష్టిలో మంచిది. హద్దు తెలియని పనులకు మాత్రం గంట పద్ధతే సురక్షితం. పాత వెబ్‌సైట్ మొత్తం దిద్దడం అలాంటిది.

మొదటి రెండు మూడు పనులు రేటు తగ్గించి చేస్తే చేయండి, కానీ ‘ఇది పరిచయపు రేటు, రెండో పని నుంచి ఇంత’ అని ముందే రాసి చెప్పండి. తక్కువ రేటుకు కుదిరిన క్లయింట్‌ను పై రేటుకు ఎక్కించడం కన్నా కొత్త క్లయింట్‌ను వెతుక్కోవడం తేలిక.

ప్రశ్న: పని ఇచ్చే ముందు ఉచితంగా ఒక వ్యాసం రాసి చూపించమంటున్నారు. రాయవచ్చా?

జవాబు: వారి విషయం మీద పూర్తి వ్యాసం ఉచితంగా రాయకండి. పదిమందితో అలా రాయించుకుని పదీ వాడేసుకునేవాళ్లున్నారు. ‘శాంపిల్స్ ఇవిగో. మీ విషయం మీదే చూడాలంటే 150 మాటల ఉపోద్ఘాతం రాసి ఇస్తాను, లేదా పూర్తి వ్యాసం మామూలు రేటులో సగానికి ఇస్తాను’ అనండి. నిజంగా రచయిత కావాలనుకున్నవాడు రెండింటిలో ఒకటి ఒప్పుకుంటాడు.

మోసాలకు ఇంకొన్ని ఆనవాళ్లు. పని మొదలుపెట్టడానికి రిజిస్ట్రేషన్ రుసుమో, డిపాజిట్టో, శిక్షణ డబ్బో అడిగితే అది పని కాదు. బొమ్మల్లో ఉన్న పేజీలు చూసి టైపు చేస్తే భారీగా ఇస్తామనే ప్రకటనలు దాదాపు అన్నీ ఈ కోవలోవే. ఒప్పుకున్నదానికంటే ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగతాది ఫలానావాళ్లకు పంపమనడం మరొకటి. చెక్కు డబ్బు ఖాతాలో కనిపించినా అది చెల్లదని బ్యాంకు తర్వాత తేల్చవచ్చు, అప్పటికి మీరు పంపిన సొమ్ము వెళ్లిపోయి ఉంటుంది. మీ ప్రొఫైల్‌ను అద్దెకివ్వమనేవాళ్లు కూడా తగులుతారు. వాళ్లు చేసే మోసాలకు మీ పేరే ముందు నిలబడుతుంది.

ప్రశ్న: ఇంగ్లీషు నా మాతృభాష కాదు. ఇంగ్లీషులో రాసే పనులకు పోటీపడగలనా?

జవాబు: విషయం తెలిసి, వాక్యం తప్పుల్లేకుండా సాదాగా రాయగలిగితే సహాయ పేజీలు, సాంకేతిక వ్యాసాలు, కేస్ స్టడీల్లో పడగలరు. ఆ చోట్ల సొగసు ఎవరూ అడగరు. ప్రకటనల నినాదాలు, హాస్యం, నుడికారం మీద నడిచే రాత మాత్రం మొదట్లో వదిలేయండి. ప్రొఫైల్‌లో, ప్రపోజల్‌లో ఒక్క వ్యాకరణ దోషం ఉన్నా అది శాంపిల్ కిందే లెక్క.

ప్రశ్న: వ్యాసం ఇచ్చాను. క్లయింట్ నాలుగుసార్లు మార్పులు అడిగి, ఆ తర్వాత మాయమయ్యాడు. డబ్బు రాలేదు. మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలి?

జవాబు: ఈ రెండు ఇబ్బందులూ పని మొదలయ్యే ముందు పంపే ఒక ఈమెయిల్‌తో చాలావరకు ఆగుతాయి. వకీలు రాసే పత్రం అక్కర్లేదు. ఏం రాస్తారు, ఎన్ని మాటలు, ఎప్పటికి, ఎంత, అడ్వాన్సు ఎంత, మిగతాది ఎన్ని రోజుల్లో, ఎన్ని రివిజన్లు, ఆ తర్వాత ప్రతిదానికీ ఎంత, మధ్యలో ఆపేస్తే ఎంత ఇవ్వాలి, హక్కులు ఎప్పుడు బదిలీ అవుతాయి. ఇవన్నీ రాసి, ‘సరే అని జవాబివ్వండి, మొదలుపెడతాను’ అనండి. ఆ జవాబు రాకుండా రాయకండి.

రివిజన్ అంటే ఏమిటో కూడా రాయాలి. బ్రీఫ్‌లో అడిగినదానికి రాత సరిపోకపోతే దిద్దడం రివిజన్. విషయమే మార్చడం, కొత్త భాగం కలపడం కొత్త పని. రెండు రివిజన్లు, అవీ అప్పగించిన 14 రోజుల్లోపు అడిగితేనే అని గడువు పెట్టండి. లేకపోతే మూడు నెలల తర్వాత క్లయింట్ కొత్త మేనేజరు వచ్చి మొదటినుంచి మొదలుపెడతాడు. నాలుగుసార్లు మార్పులు పడ్డాయంటే చాలాసార్లు అసలు కారణం బ్రీఫ్ సరిగా లేకపోవడమే. ఈ వ్యాసం ఎవరు చదువుతారు, చదివాక ఏం చేయాలి, మీకు నచ్చిన ఇలాంటి వ్యాసం ఏది అన్న మూడు ప్రశ్నలు ముందే అడగండి. చట్రం చూపించి ఒప్పించుకున్నాకే రాయండి. చట్రంలో మార్పుకు పది నిమిషాలు, వ్యాసంలో మార్పుకు మూడు గంటలు.

నేరుగా పనిచేసేటప్పుడు కొత్త క్లయింట్ దగ్గర సగం అడ్వాన్సు అడగడం మామూలే. పెద్ద పనైతే మూడు వాయిదాలు చేయండి. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో రచన మీద కాపీరైట్ రాసిన క్షణం నుంచే ఉంటుంది, ఎక్కడా నమోదు చేయించాల్సిన పని లేదు. మీరు ఉద్యోగిగా కాక బయటివారిగా రాస్తున్నారు కాబట్టి ‘పూర్తి చెల్లింపు అందాక హక్కులు మీకు బదిలీ అవుతాయి’ అన్న ఒక్క వాక్యం గట్టి ఆయుధం. డబ్బివ్వకుండా వ్యాసం వేసుకుంటే, ఆ వెబ్‌సైట్‌కు చోటిచ్చిన హోస్టింగ్ కంపెనీకి కాపీరైట్ ఫిర్యాదు పంపవచ్చు. వ్యాసాన్ని తీసేయించే దారి అది.

అప్‌వర్క్‌లో స్థిర మొత్తం పనైతే మైల్‌స్టోన్ (పనిలో ఒక దశ) డబ్బు ఎస్క్రోలో (పని పూర్తయ్యేదాకా డబ్బును పట్టి ఉంచే ఖాతాలో) పడిందని చూసుకున్నాకే మొదలుపెట్టాలి. పని పూర్తయ్యాక ఫైలును మెసేజ్‌లో పంపి ఊరుకోకండి. చెల్లింపు కోసం సమర్పించే బటన్ నొక్కాలి. అప్పటినుంచి క్లయింట్‌కు 14 రోజులు గడువు. ఉలుకూపలుకూ లేకపోతే డబ్బు దానంతటదే విడుదలవుతుంది. బటన్ నొక్కకపోతే ఆ గడియారమే కదలదు. గంటల లెక్క పనికి రక్షణ ఉండాలంటే వాళ్ల ట్రాకర్ (పనిగంటలు నమోదుచేసే సాఫ్ట్‌వేర్) నడుస్తూ ఉండాలి, చేత్తో రాసుకున్న గంటలకు ఆ రక్షణ లేదు. ఫైవర్‌లో డెలివరీ చేశాక మూడు రోజుల్లో కొనేవాడు ఏమీ అనకపోతే ఆర్డర్ పూర్తయినట్టే, కానీ డబ్బు మీ చేతికి రావడానికి కొత్తవాళ్లకు మరో 14 రోజులు. గడువు దాటకూడదని ఖాళీ ఫైలు డెలివర్ చేయడం మాత్రం నిబంధనలకు విరుద్ధం.

అప్‌వర్క్‌లో పరిచయమైన క్లయింట్ ‘కమిషన్ ఎందుకు దండగ, బయట ఇస్తాను’ అంటే ఒప్పుకోకండి. పరిచయమైన నాటి నుంచి రెండేళ్లపాటు చెల్లింపులు అక్కడే జరగాలన్నది నియమం. పైగా ఎస్క్రో రక్షణ పోతుంది. పేపాల్ ద్వారా వచ్చిన డబ్బు మీద డబ్బిచ్చినవాడు 180 రోజుల వరకు వివాదం లేవనెత్తవచ్చని కూడా గుర్తుంచుకోండి. పని అప్పగించిన ఈమెయిల్, అతని ఆమోదం దాచిపెట్టుకోవాలి.

ఇప్పుడు మాయమైనవాడి సంగతి. ఇన్‌వాయిస్ గడువు దాటిన మర్నాడు మర్యాదగా ఒకసారి, వారం తర్వాత తేదీతో ఒకసారి రాయండి. మీతో మాట్లాడినవాడికి కాదు, కంపెనీలో లెక్కలు చూసేవాళ్లకు పంపండి. చాలా ఇన్‌వాయిస్‌లు దురుద్దేశంతో కాదు, ఎవరి ఇన్‌బాక్స్‌లోనో పడి ఆగిపోతాయి. ఆపైన రెండు వారాలకు, చెల్లించేదాకా వ్యాసం వాడుకునే హక్కు లేదని రాతపూర్వకంగా తెలియజేయండి.

ప్రశ్న: నేను సొంతంగా రాసిన వ్యాసాన్ని ఏదో సాధనంలో పెట్టి ‘ఇది ఏఐ రాసింది’ అని క్లయింట్ తిప్పికొట్టాడు. ఎలా నిరూపించుకోవాలి?

జవాబు: ఆ సాధనాలు నమ్మదగ్గవి కావు. ఛాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో అలాంటి గుర్తింపు సాధనం తెచ్చి, కచ్చితత్వం తక్కువగా ఉందని అదే ఏడాది జూలైలో తీసేసింది. సాదా వాక్యాలు, ఊహించగల మాటల వరస ఉన్న రాతను అవి యంత్రం ఖాతాలో వేస్తాయి. మాతృభాష కాని భాషలో రాసేవాళ్లు ఇందుకే ఎక్కువగా చిక్కుకుంటారు.

వాదనకన్నా ఆధారం మేలు. మొదటి వాక్యం నుంచి గూగుల్ డాక్స్‌లోనే రాయండి. అందులో వెర్షన్ హిస్టరీ ఉంటుంది, ఏ రోజు ఏ వాక్యం రాశారో, ఏది కొట్టేశారో కనిపిస్తుంది. వేరేచోట రాసి చివర్లో మొత్తం అతికిస్తే ఆ ఆధారం పోతుంది. పరిశోధన నోట్సు, చూసిన పేజీల లింకులు, ఇంటర్వ్యూ రికార్డింగు కూడా ఉంచండి. పని మొదట్లోనే రెండు సంగతులు రాసుకోండి: ఏఐని దేనికి వాడవచ్చు, దేనికి కూడదు అన్నది ఒకటి, గుర్తింపు సాధనం అంకె ఆధారంగా చెల్లింపు ఆపకూడదన్నది మరొకటి. చట్రం కోసమో అక్షరదోషాల కోసమో వాడితే దాచకుండా చెప్పండి. యంత్రం చెప్పిన వాస్తవాన్ని, ఉటంకింపును మూలం చూడకుండా వ్యాసంలో పెడితే మాత్రం తప్పు మీదే. లేని పరిశోధనలను ఉన్నట్టు చెప్పడం వాటికి మామూలే.

ప్రశ్న: వేదికల గొడవ లేకుండా వెబ్ పత్రికలకు నేరుగా రాయాలంటే?

జవాబు: వ్యాసం రాసి పంపకండి, ముందు ప్రతిపాదన పంపండి. పత్రిక తన రచయితల సూచనల పేజీలో ఏమడిగిందో చదవండి. గత మూడు నెలల్లో అదే విషయం వేశారేమో వారి వెబ్‌సైట్‌లోనే వెతికి చూడండి. ఈమెయిల్ సబ్జెక్టులో ‘ప్రతిపాదన’ అని, పక్కన మీరనుకున్న శీర్షిక. లోపల మూడు పేరాలు చాలు: విషయం ఏమిటి, ఇప్పుడే ఎందుకు, ఎవరెవరితో మాట్లాడతారు, ఎన్ని మాటలు, మీరే ఎందుకు రాయాలి. విషయం వేరు, కథనం వేరు. ‘నగరాల్లో నీటి కొరత’ విషయం మాత్రమే. ‘అపార్ట్‌మెంట్లలో ఒక్కో ఇంటికీ నీటి మీటరు పెట్టాక వాడకం ఎలా మారింది’ అన్నది కథనం. సంపాదకులు కొనేది రెండోదాన్ని.

వారం పదిరోజులకు జవాబు లేకపోతే రెండు పంక్తుల్లో గుర్తుచేయండి. ఆ తర్వాతా లేకపోతే మరో పత్రికకు పంపండి. ఇతర సంస్థల బ్లాగులైతే లింక్డ్‌ఇన్‌లో ఆ సంస్థ కంటెంట్ మేనేజరు ఎవరో చూసి వాళ్లకే రాయండి. సమాచారం కోసమని ఉంచిన ఉమ్మడి చిరునామాకు పంపినవి సరైన మనిషికి చేరడం కష్టం.

ప్రశ్న: ఘోస్ట్ రైటింగ్ చేసిన వ్యాసాలు పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా?

జవాబు: అడగకుండా పెట్టకూడదు. ఒప్పందంలోనే ‘బహిరంగంగా పెట్టను, కొత్త క్లయింట్ అడిగితే విడిగా చూపిస్తాను’ అన్న వాక్యానికి అనుమతి తీసుకోండి. అదీ కుదరదంటే గోప్యతకు రేటు పెంచండి. మీకు చూపించుకోవడానికి ఏమీ మిగలని పని అది. పేరు చెప్పకుండా ‘ఒక బీమా సంస్థ అధిపతి పేరుతో లింక్డ్‌ఇన్ వ్యాసాలు, నెలకు నాలుగు’ అని రాసుకోవడానికి సాధారణంగా అభ్యంతరం చెప్పరు, కానీ గోప్యత ఒప్పందం మీద సంతకం చేసి ఉంటే అదీ ఒకసారి అడిగి రాయండి.